గోధుమ కాదన్న రొట్టె

ఈ ఉదయం హైదరాబాదు నుంచి వచ్చిన పిండి సంచి కుట్టు విప్పగానే ఆ వాసన గదంతా కమ్ముకుంది. ఎండుగడ్డి మీద తొలకరి చినుకులు పడ్డప్పుడు లేచే వాసనకు కాస్త వేయించిన పల్లీల వాసన కలిస్తే ఎట్లా ఉంటుందో, స్పెల్ట్ అనే విదేశీ ధాన్యపు పిండి వాసన అట్లా ఉంటుంది. చేయి మణికట్టు దాకా సంచిలోకి దించి కాసేపు ఊరికే నిలబడ్డాను. పిండి చల్లగా ఉంది. స్టేషన్ వైపు నుంచి ఏదో గూడ్సు బండి కూత వినిపించింది. షాపులో నేను తప్ప ఎవరూ లేరు. ఈ వాసన నాకు మొదటిసారి చూపించిన మనిషి గురించి రాయాలని చాలా రోజులుగా అనుకుంటున్నాను. కాజీపేటలో ఆమెను ఎరిగినవాళ్లు ఇప్పుడు చాలా తక్కువ. ఆ కొద్దిమందిలోనూ కొందరు ఆమెను ఒక్క తప్పుతోనే గుర్తుపెట్టుకున్నారు. ఆ తప్పు నిజమే. దాని తర్వాత ఆమె ఏం చేసిందో దగ్గరుండి చూసింది మాత్రం నేనొక్కదాన్నే.

నా పేరు లలిత. మాది నర్సంపేట దగ్గర పల్లె, వరి, పత్తి పండించే ఇల్లు. పెళ్లయిన మూడేళ్లకు నా భర్తా నేనూ విడిపోయాం. పుట్టింటికి వెళ్తే తలుపు తీసేవాళ్లే కానీ, తీసినవాళ్ల ముఖాలు చూడాలనిపించక కాజీపేటలో ఒక గది అద్దెకు తీసుకున్నాను. ఆడపిల్లల హాస్టల్లో వంట చేసేదాన్ని. ఉన్నట్టుండి ఆ హాస్టల్ మూసేశారు. పని వెతుక్కుంటూ తిరుగుతుంటే ఒక సందు మొదట్లో చిన్న షాపు గోడకు అంటించిన కాగితం కనిపించింది. ‘మనిషి కావాలె. పని రాకున్నా సరే’ అని చేత్తో రాసి ఉంది. లోపల తెల్ల చీర కట్టుకున్న పొట్టి మనిషి, అరవై ఏళ్లుంటాయి, మోచేతుల దాకా పిండితో నా వైపు తిరిగి చూసింది.

“ఏం పని చేస్తవు పిల్లా?” అని అడిగింది.

“వంట చేస్తనమ్మా. బేకరీ పని తెల్వదు.”

“తెల్వదని చెప్పినవు సూడు, అది మంచిగున్నది. చేతులు కడుక్కో” అంది. అంతే, వేరే ఏమీ అడగలేదు. ఆ రోజు నుంచి తొమ్మిదేళ్లు ఆమె దగ్గరే ఉన్నాను. వీధిలో అందరూ ఆమెను రూతక్క అనేవాళ్లు. నేనూ అక్కా అనే పిలిచాను.

రూతక్క పాతికేళ్ల వయసులో జర్మనీ వెళ్లింది. అక్కడ కన్యాస్త్రీలు నడిపే ఒక ఆసుపత్రి వంటగదిలో ముప్ఫై ఏళ్లు పనిచేసింది. పెళ్లి చేసుకోలేదు. తల్లికి పక్షవాతం వస్తే చూసుకోవడానికి కాజీపేట తిరిగి వచ్చింది. తల్లి పోయాక తిరిగి వెళ్లేందుకు అక్కడ ఉద్యోగం లేదు, ఇక్కడ ఉండేందుకు ఎవరూ లేరు. అప్పుడు ముందు షాపు, వెనక ఒక గది ఉన్న ఆ ఇల్లు అద్దెకు తీసుకుని బేకరీ పెట్టింది. చుట్టుపక్కల బేకరీల్లో దొరికే తెల్లటి మైదా బ్రెడ్డు, దిల్‌పసంద్, క్రీము కేకులు ఆమె చేసేది కాదు. ఆసుపత్రి వంటగదిలో నేర్చుకున్న స్పెల్ట్ రొట్టెలే చేసేది. ఆ పిండి విదేశాల నుంచి తెప్పించే హైదరాబాదు వ్యాపారి దగ్గర కొనేది.

నేను మొదటి రోజు ఆ పిండిని చపాతీ పిండి పిసికినట్టు బలంగా పిసికాను. పది నిమిషాల్లో ముద్ద చేతికి అంటుకుని తెగిపోసాగింది. రూతక్క వచ్చి నా చేతులు పట్టుకుని ఆపింది.

“ఇది గట్ల పిసికితే చచ్చిపోతది లలితా. గోధుమ లెక్క కొట్లాడది ఇది. పసిపిల్ల తలకు నూనె పెడ్తవు గద, గట్ల. నీళ్లు గూడ జర తక్కువ పొయ్యాలె.”

ఆమె మాటలు పట్టుకునే నేర్చుకున్నాను. ముద్దను నాలుగు వైపుల నుంచి మెల్లగా మడిచి, తడి గుడ్డ కప్పి వదిలేయడం, పొంగిందా లేదా అని గడియారం వైపు కాక పిండి వైపు చూడడం, పొయ్యిలో నుంచి తీసిన రొట్టె అడుగున వేలితో తట్టి బోలుగా మోగితేనే ఉడికిందనుకోవడం. అదే పిండితో పొద్దున చపాతీలు చేసుకునేవాళ్లం. ఆ గింజల రవ్వ కూడా తెప్పించి ఉప్మా చేసేవాళ్లం. బెల్లం, ఇలాచీ వేసి కేకు చేస్తే గోధుమరంగులో, కొంచెం పొడిపొడిగా, నమిలినకొద్దీ తియ్యగా ఉండేది. వీధిలో దాన్ని ‘మట్టి కేకు’ అనేవాళ్లు. షుగరు ఉన్న రిటైర్డు రైల్వే వాళ్లు, కాలేజీ లెక్చరర్లు, చర్చి నుంచి వచ్చే ఇద్దరు ముగ్గురు ముసలమ్మలు కొనేవాళ్లు.

మధ్యాహ్నం షట్టరు సగం దించి ఇద్దరం తినేవాళ్లం. అప్పుడు కూడా పెద్దగా మాట్లాడుకునేది లేదు. నా సంసారం గురించి ఆమె ఒక్కసారి కూడా అడగలేదు. ఆమె మాత్రం పిండి మడుస్తూ ఏదో గొణుక్కునేది. ప్రార్థన అనుకున్నాను. ఒకరోజు అడిగితే సిగ్గుపడింది.

“జర్మన్ మాట్లాడ్తాన. ముప్ఫై ఏండ్లు అదే మాట్లాడిన. ఈడ ఎవలతోని మాట్లాడాలె? మర్చిపోతానేమోనని భయం.”

అక్కడ ఆమెతో పనిచేసిన ఒక స్నేహితురాలికి ప్రతి నెలా ఉత్తరం రాసేది. నేను చేరిన కొత్తలో జవాబులు వచ్చేవి. తర్వాత ఆగిపోయాయి. ఎందుకు ఆగిపోయాయో ఆమెకు తెలియదు, తెలుసుకునే దారీ లేదు. అయినా రాయడం మానలేదు. పోస్టు డబ్బాలో ఉత్తరం వేసి వచ్చిన రోజు ఆమె ఎక్కువ రొట్టెలు చేసేది, అవి మిగిలిపోయేవి, మరునాడు వాటినే పాలల్లో నానబెట్టి తినేవాళ్లం.

నేను చేరిన రెండో ఏడు, ఎండాకాలంలో శైలజ అనే ఆమె షాపుకు వచ్చింది. హన్మకొండలో ఒక స్కూల్లో లెక్కల టీచరు. పక్కన ఏడేళ్ల కూతురు మేఘన. పిల్ల సన్నగా, పొట్ట మాత్రం ఉబ్బి ఉంది. ఆ పిల్లకు గోధుమ పడని జబ్బని, గోధుమ రేణువు కడుపులోకి పోయినా పేగులు పాడవుతాయని హైదరాబాదు డాక్టర్లు చెప్పి కొన్ని నెలలే అయిందట. స్కూల్లో అందరి డబ్బాల్లో బ్రెడ్డు, బిస్కెట్లు చూసి పిల్ల ఏడుస్తోందట.

“గోధుమ లేని బ్రెడ్డు ఏమన్న ఉన్నదా మేడం?” అని అడిగింది శైలజ.

రూతక్క ముఖం వెలిగిపోవడం నేను చూశాను. అన్నేళ్లకు ఆమె రొట్టె నిజంగా అవసరమైన మనిషి వచ్చింది. “ఇది గోధుమ కాదమ్మా. స్పెల్ట్. ఆసుపత్రిల గోధుమ రొట్టె తింటే కడుపుల నొచ్చేటోళ్లకు ఇదే పెట్టేది. ఫికర్ చెయ్యకు, మంచిగ తినని” అంది. ఒక ముక్క కోసి పిల్ల చేతిలో పెట్టింది. పిల్ల కళ్లు మూసుకుని తింది.

ఆ మాటలో ఆమె అబద్ధం చెప్పలేదు. జర్మన్ భాషలో గోధుమకు ఒక పేరు, దీనికి డింకెల్ అని వేరే పేరు. రెండూ వేరు వేరు డబ్బాల్లో, వేరు వేరు చీటీలతో ఉండే వంటగదిలో ఆమె బతుకంతా గడిచింది. అక్కడ కడుపు నొచ్చినవాళ్ల జబ్బు వేరు, ఈ పిల్ల జబ్బు వేరు అని ఆమెకు తోచలేదు. ఎవరినీ అడగలేదు.

మూడు వారాల పాటు శైలజ వచ్చి రొట్టె తీసుకెళ్లింది. నాలుగో వారం రాలేదు. ఆ తర్వాత ఒక మధ్యాహ్నం వచ్చింది, ఒక్కతే. జుట్టు దువ్వుకోలేదు. చేతిలో మా ఖాళీ ప్యాకెట్టు ఉంది. దాన్ని కౌంటరు మీద పెట్టింది.

“నా బిడ్డ దవాఖానల ఉన్నది. వాంతులు, విరేచనాలు ఆగుతలేవు. సెలైన్ ఎక్కిస్తాండ్రు. డాక్టర్ ఈ ప్యాకెట్ చూసి ఏమన్నడో తెల్సా? ఇది కూడ గోధుమనే అన్నడు. పాత రకం గోధుమ. మీరు కాదంటిరి. నేను నమ్మితి. నా చేతులతోనే పెడితి” అంది. ఆమె అరవలేదు. అరిస్తే బాగుండేది.

శైలజ వెళ్లిపోయాక రూతక్క చాలాసేపు ఆ ప్యాకెట్టు వైపు చూస్తూ నిలబడింది. తర్వాత పొయ్యి ఆపి, చేతులు కడుక్కుని, చీర మార్చుకుని, “పోదాం పా” అంది. ఇద్దరం ఆటోలో హన్మకొండ వెళ్లాం. దవాఖాన వరండాలో శైలజ, ఆమె భర్త బెంచీ మీద కూర్చుని ఉన్నారు. రూతక్క వాళ్ల ముందు నిలబడింది.

“అమ్మా, నాకు తెల్వదు. తెల్వకుండనే తెల్సినట్టు చెప్పిన. నీ బిడ్డకు నా వల్లనే అయింది” అంది.

ఇంకా ఏదో చెప్తుందనుకున్నాను, పొరపాటయిందనో, క్షమించమనో. చెప్పలేదు. శైలజ తల తిప్పుకుంది. ఆమె భర్త లేచి, “ఇగ పోండ్రి” అన్నాడు. తిరిగి వస్తూ ఆటోలో రూతక్క నా చేయి పట్టుకుంది. పిండి పనిలో తప్ప ఆమె నన్ను తాకడం అదే మొదటిసారి. వారానికి పిల్ల కోలుకుని ఇంటికి వెళ్లిందని ఆ దవాఖానలో పనిచేసే ఒక నర్సు చెప్పింది. ఆ మాట విని రూతక్క పిండి డబ్బా పక్కన నేల మీద కూర్చుండిపోయింది.

మరుసటి రోజే పెయింటరును పిలిపించి షాపు పేరుకు పైన ఇంకో బోర్డు రాయించింది. ‘స్పెల్ట్ కూడా గోధుమ జాతే. గోధుమ పడనివాళ్లు తినవద్దు.’ అక్షరాలు షాపు పేరుకంటే పెద్దవి. ఎవరైనా కారణం అడిగితే దాచేది కాదు. “ఒక చిన్న పిల్లకు నేను తప్పు చెప్పి పెట్టిన. పానం మీదికి వచ్చింది” అనేది. అడగనివాళ్లకూ చెప్పేది.

“అక్కా, అందరికీ ఎందుకు చెప్తానవు? వచ్చేటోళ్లు గూడ రాకుండ పోతాండ్రు” అన్నాను ఒకరోజు.

“రాకపోతె పోనీ. రేపు ఇంకో తల్లి వచ్చి, అడగకుండనే తీస్కపోతె?”

నిజంగానే రావడం మానేశారు. గోధుమ సమస్య ఏమీ లేనివాళ్లు కూడా మానేశారు. పిల్ల జబ్బు పడ్డ షాపు అన్న మాట మిగిలింది. చర్చిలో ఆమె పక్కన కూర్చునే ముసలమ్మలు ముందు బెంచీలకు మారారు. కొన్ని రోజులు పొద్దుటి నుంచి సాయంత్రం దాకా మేమిద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకుంటూ కూర్చునేవాళ్లం. అప్పుడే ఆమె జొన్నల పని మొదలుపెట్టింది.

“జొన్న మనకు చిన్నప్పటి సంది తెల్సిన గింజ. గోధుమ పడనోళ్లు తినొచ్చని ఈసారి ముగ్గురు డాక్టర్లను అడిగి తెల్సుకున్న” అంది. రఘునాథపల్లిలో ఒక రైతు దగ్గర స్వయంగా వెళ్లి జొన్నలు తెచ్చింది. వీధిలోని పిండి గిర్నీకి తీసుకెళ్లబోతే నేనే ఆపాను. అదే రాళ్ల మధ్య అంతకు ముందే ఎవరివో గోధుమలు పట్టి ఉంటారు కదా. ఆమె నా వైపు చూసిన చూపు నాకిప్పటికీ గుర్తుంది. “మంచిగ చెప్పినవు” అంది. ఇంట్లో పెట్టుకునే చిన్న గిర్నీ కొన్నది. స్పెల్ట్ పిండి గాలిలో ఎగిరే షాపులో జొన్న రొట్టె చేయకూడదని తన పడకగది ఖాళీ చేసింది. మంచం తెచ్చి షాపులో, కౌంటరు వెనక వేసుకుంది. ఆ గదికి వేరే గిన్నెలు, వేరే గుడ్డలు, వేరే చిన్న పొయ్యి. తలస్నానం చేసి, ఉతికిన చీర కట్టుకుంటే తప్ప అందులో అడుగుపెట్టేది కాదు. నన్నూ పెట్టనిచ్చేది కాదు.

జొన్న పిండికి సాగే గుణం లేదు. మొదటి రొట్టె పొయ్యిలోంచి తీసి బల్ల మీద పెడితే టక్కుమని చప్పుడైంది. “ఇది రొట్టె కాదు పిల్లా, ఇటుక” అని ఆమె నవ్వింది. ఆ రెండు నెలల్లో అదే మొదటి నవ్వు. రెండోది నడుమ జిగటగా ఉండిపోయింది. మూడోది చేతిలో పట్టగానే ఇసుకలా రాలింది. మా అమ్మ రొట్టెలకు మరిగే నీళ్లు పోసి పిండి కలిపేదని గుర్తొచ్చి చెప్పాను. అట్లా చేస్తే కొంచెం పట్టు వచ్చింది. మందుల షాపులో దొరికే ఇసబ్‌గోల్ పొట్టు నీళ్లలో నానబెట్టి కలిపితే ఇంకొంచెం వచ్చింది. వానాకాలం పోయి చలి మొదలయ్యేసరికి ఒక రోజు రొట్టె పొంగింది. కోస్తే ముక్క వంగింది కానీ విరగలేదు. ఇద్దరం నిలబడే తిన్నాం. ఆమె మిగతాది గుడ్డలో చుట్టి, శనివారం హన్మకొండ వెళ్లింది.

శైలజ గేటు తీయలేదు. రూతక్క కాసేపు నిలబడి వచ్చేసింది. తర్వాతి శనివారం మళ్లీ వెళ్లింది. అట్లా అయిదారు వారాలు. ఒకసారి నేనూ వెంట వెళ్లాను. ఇంట్లో ఫ్యాను తిరుగుతున్న చప్పుడు వినిపిస్తోంది, తలుపు మాత్రం మూసే ఉంది. ఎండలో ఆమె ఆ మూటను రెండు చేతులతో పట్టుకుని నిలబడింది. గేటుకు తగిలించి వద్దామంటే ఒప్పుకోలేదు. “వద్దన్నోళ్ల ఇంటి ముంగట తిండి పెట్టి రావద్దు” అంది. ఆ రోజు తలుపు తెరుచుకుంది. శైలజ గేటు దాకా వచ్చింది.

“అమ్మా, మీరు మంచోళ్లే కావచ్చు. మీరు నిలవడితె నాకు భయమైతాంది. రాకుండ్రి” అంది.

“రాను బిడ్డా” అంది రూతక్క. మళ్లీ వెళ్లలేదు. నేనే ఉండబట్టలేక, ఇంకొక్కసారి పోయి చూద్దామని అన్నాను. “భయమైతాందని చెప్పినంక పోవుడు, నా మనసు తేలిక చేస్కునెతందుకే అయితది. ఆ పిల్ల కోసం కాదు” అంది. జొన్న రొట్టె చేయడం మాత్రం మానలేదు. వారానికి నాలుగు. ఒక్కొక్కరుగా, ఎక్కడెక్కడి నుంచో గోధుమ పడనివాళ్లు రావడం మొదలైంది. జనగామ నుంచి ఒకాయన రైల్లో వచ్చేవాడు. వాళ్లందరినీ ఆమె ముందు కూర్చోబెట్టి, జొన్నలు ఎక్కడివో, ఏ గిర్నీలో పట్టిందో, ఏ గదిలో చేసిందో చెప్పి, ఆ తర్వాతే రొట్టె ఇచ్చేది.

ఒక పొద్దున నేను వచ్చి షట్టరు ఎత్తేసరికి రూతక్క మంచం మీద గోడ వైపు తిరిగి పడుకుని ఉంది. ఎప్పుడూ నాకంటే ముందే లేచేది. పిలిచాను. చేయి తాకాను. ముందు రోజు సాయంత్రం ఆమె కప్పి ఉంచిన పిండి ముద్ద గిన్నె అంచు దాటి పొంగి, బల్ల మీదికి జారి ఉంది. ఆ ముద్దను ఏం చేయాలో తెలియలేదు. చాలాసేపటికి దాన్ని మడిచి, మళ్లీ గుడ్డ కప్పాను. డాక్టరు వచ్చి గుండె ఆగిందన్నాడు. సమాధుల దగ్గర ఫాదరుతో కలిపి మేము తొమ్మిది మందిమి. జనగామ ఆయన వచ్చాడు. జర్మనీ స్నేహితురాలికి ఉత్తరం రాయాలనుకున్నాను కానీ ఆ భాష నాకు రాదు. కవరు మీది చిరునామా చూసి, తెలుగులోనే రెండు వాక్యాలు రాసి పంపాను. చదివేవాళ్లు ఉన్నారో లేదో తెలియదు.

ఇంటి ఓనరు షాపు నన్నే నడుపుకోమన్నాడు. నా గది ఖాళీ చేసి, కౌంటరు వెనకున్న ఆ మంచం మీదికే మారాను. మొదటి ఏడాది ఎంత నిశ్శబ్దంగా గడిచిందో చెప్పడం కష్టం. ఆమె ఉన్నప్పుడూ మేము ఎక్కువ మాట్లాడుకోలేదు. అయినా ఆ మౌనంలో రెండో మనిషి ఊపిరి ఉండేది. నాకు తెలియకుండానే పిండి మడుస్తూ గొణగడం మొదలుపెట్టాను. నాకు వేరే భాష ఏదీ లేదు, మా ఊరి మాటలే.

మొన్న చలికాలంలో ఒక సాయంత్రం ఇంటర్ చదివే అమ్మాయి ఒకతి బ్యాగుతో షాపుకు వచ్చింది. జొన్న రొట్టె ఉందా అని అడిగింది. గోధుమ పడదని, పేరు మేఘన అని, ఇల్లు హన్మకొండ అని చెప్పింది. ఆ పిల్లే. ముందు రొట్టె ఇచ్చి తర్వాత చెప్పొచ్చు. చెప్పకపోయినా అడిగేవాళ్లు లేరు. కానీ నోరు ఊరుకోలేదు.

“బిడ్డా, నీకు ఏడేండ్లప్పుడు పానం బాగలేక దవాఖానల ఉన్నవు. అది ఈ షాపు రొట్టె తినే. నువ్వు తెల్సుకోని తినాలె” అన్నాను.

“నాకు తెల్సు ఆంటీ. యాదికున్నది” అంది ఆ పిల్ల. “ఆమె మా గేటు కాడ నిలవడేది గద. నేను కిటికీలకెల్లి చూశేదాన్ని. చేతుల ఏం పట్టుకున్నదో అని వచ్చినప్పుడల్ల అనుకునేదాన్ని. అమ్మను అడిగితె చెప్పకపోయేది. ఇప్పుడు ఉన్నదా ఆమె?”

“లేదు బిడ్డా. పోయి మూడేండ్లాయె.”

ఆ పిల్ల తల దించుకుంది. తర్వాత, “ఒక ముక్క ఇస్తరా?” అంది.

“మీ అమ్మకు చెప్పినంకనే” అన్నాను. అప్పటికప్పుడే ఫోను చేసింది. ఎక్కడున్నదో చెప్పింది. తర్వాత ఫోను నా చేతికిచ్చింది. శైలజ గొంతు మారలేదు. జొన్నలు ఎక్కడివి, ఎక్కడ పట్టించారు, ఏ గదిలో చేశారు, ఆ గిన్నెలు వేరే దేనికైనా వాడారా అని అడిగింది. అన్నిటికీ చెప్పాను. ఇసబ్‌గోల్ ప్యాకెట్టు తయారయ్యే చోట గోధుమ ఉంటుందా అని అడిగింది. “అది నాకు తెల్వదమ్మా. తెల్సుకోని చెప్తా. అందాక ఇయ్యను” అన్నాను. “సరే” అని పెట్టేసింది. మేఘన ఖాళీ చేతులతో వెళ్లింది. నాలుగు రోజులు తిరిగి, ఆ ప్యాకెట్టు మీదున్న నంబరుకు ఫోన్లు చేసి, అక్కడ గోధుమ పని లేదని కాగితం తెప్పించుకుని శైలజకు ఫొటో పంపాను. సాయంత్రానికి జవాబు వచ్చింది. ‘ఒకటి ఇచ్చి పంపండి. చిన్నది.’

మేఘన ఇప్పుడు వారానికోసారి కాలేజీ నుంచి వస్తుంది. మొదటి ముక్క ఇక్కడే నిలబడి తింటుంది. శైలజ ఇంతవరకు షాపులో అడుగుపెట్టలేదు. కానీ ప్రతిసారీ ఫోను చేస్తుంది, అవే ప్రశ్నలు, అదే వరుసలో, ఒక్కటీ తగ్గించదు. నేనూ చేతులు తుడుచుకుని, కుర్చీలో కూర్చుని, మొదటిసారి చెప్తున్నట్టే జవాబులు చెప్తాను. వారం మొత్తంలో ఎవరితోనైనా నేను అంతసేపు మాట్లాడేది అప్పుడే.